వెనక అట్టలో సరస్సు

మా ఆయన పటాలు కడతాడు. ఎవరెవరివో పెళ్లిళ్లు, ఎవరెవరి పిల్లలో, ఎవరెవరో చూసొచ్చిన సముద్రాలు. కర్ర కొలిచి, మూలలు ఏటవాలుగా కోసి, నాలుగు ముక్కల్నీ వెంట్రుక కూడా దూరనంత బిగువుగా కలిపి, అద్దం అమరుస్తాడు. ఇరవై నాలుగేళ్లుగా అదే ఇరుకు గది, అదే బల్ల. వెనక అట్ట పెట్టి, మేకులు కొట్టి, గోధుమరంగు కాగితం అంటించి, కొక్కెం బిగించడం నా వంతు. అంటే జనం చూసే ముఖం ఆయనది, గోడ చూసే వీపు నాది. ఈ మాట ఆయనతో అంటే నవ్వి ఊరుకుంటాడు. దేనికైనా నవ్వి ఊరుకుంటాడు, అదే నాకు ఒళ్లుమంట.

ఓ సోమవారం మా చెల్లెలు పెద్ద ఫోటో ఒకటి చుట్టచుట్టి పట్టుకుని దుకాణానికి వచ్చింది. అదీ, దాని మొగుడూ పన్నెండు రోజులు కోస్టారికా తిరిగొచ్చారు. ఫోటోలో అది జలపాతం ముందు తడిసిన జుట్టుతో నవ్వుతోంది. పక్కన కొమ్మ మీద ఒక ఎర్రచిలక, దాన్ని కూడా వీళ్లే డబ్బిచ్చి కూర్చోబెట్టినట్టు.

"బావా, ఇది మా హాల్లోకి. తలుపు తియ్యగానే కనపడాలి," అంది.

"మూడడుగులు పెడదామా?" అంటూ మా ఆయన టేపు తీశాడు.

"నువ్వెంతంటే అంత. అక్కా, అక్కడి గాలే వేరు. చెప్తే అర్థం కాదులే."

చెప్తే అర్థం కాదట! దాచడమెందుకు, మా చెల్లెలంటే నాకు చిన్నప్పట్నుంచీ కుళ్లే. దాని జుట్టంటే కుళ్లు, దాని నవ్వంటే కుళ్లు, దాని మొగుడు దాని చేతిసంచి మోసుకుంటూ వెనకాల నడిచొస్తుంటే మరీ కుళ్లు. పోనీ చెడ్డదా అంటే కాదు. చెడ్డదైతే హాయిగా తిట్టుకుని పడుకునేదాన్ని.

ఆ సాయంత్రమే మా ఆయన్ని నిలదీశాను. "వచ్చే ఏడాదికి మన పెళ్లయి పాతికేళ్లు. ఎక్కడికైనా వెళ్దామని దాచిన డబ్బుందిగా. మనమూ ఆ వైపే వెళ్దాం."

"ఆ వైపే ఎందుకు? దగ్గర్లో బోలెడు చోట్లున్నాయి."

"నాకు ఆ వైపే కావాలి."

అసలు సంగతి ఏమిటంటే, వేరే దిక్కుకి పోతే లెక్క కుదరదు. అదే మ్యాపులో, దాని దేశం పక్కనో, పక్కదాని పక్కనో దిగాలి. అప్పుడే "నువ్వది చూశావా? మేం ఇది చూశాం" అనొచ్చు. తీరా చూస్తే మా డబ్బుకి కోస్టారికాలో అయిదు రోజులు కూడా గడవవు. అలా మధ్య అమెరికా మ్యాపు మా ఆయన బల్ల మీదికి, అద్దం కిందికి వచ్చింది. ఏడు దేశాలు, సన్నగా, కర్ర కోస్తే మిగిలిన ముక్కలా ఉన్నాయి.

మా ఆయన చెవి మీది పెన్సిలు తీసి ఒక్కొక్క దేశమే చెప్పుకొచ్చాడు. బెలీజ్‌లో ఇంగ్లీషుతో పని జరిగిపోతుంది గానీ గదులు ఖరీదు. పనామా కూడా అంతే, ఆరు రోజులకి మించి ఉండలేం. హోండురస్, నికరాగువా చవక. ఎల్ సాల్వడార్ చిన్నది, బస్సులోనే చుట్టేయొచ్చు.

"గ్వాటెమాలా కూడా చవకేనట. మన డబ్బుకి పన్నెండు రోజులు నిశ్చింతగా ఉండొచ్చు. కొండలూ, సరస్సూ..." అన్నాడు, నా వైపు చూడకుండా.

"గ్వాటెమాలా అంటే మా చెల్లెలు 'అదెక్కడుందే' అంటుంది."

"మ్యాపులో చూపిద్దాం."

"మ్యాపు తీసి చూపించుకోవాల్సిన దేశం నాకొద్దండీ. పనామా అంటే అందరికీ తెలుసు. ఓడలు పోయే కాలువ. ఆరు రోజులైతే ఆరు రోజులే."

ఆ వారంలో ఆయన గ్వాటెమాలా మాట మూడుసార్లు ఎత్తాడు. మూడుసార్లూ నేను మధ్యలోనే తుంచేశాను. అన్నంలో ఉప్పు లేకపోయినా రెండోసారి అడగని మనిషి, ఒకే మాట మూడుసార్లు ఎందుకంటున్నాడా అని నాకు తట్టలేదు. తట్టడానికి నా కళ్లు ఖాళీగా ఉంటేగా! పొద్దున్నుంచి సాయంత్రం దాకా బల్ల మీదున్న మా చెల్లెలి నవ్వు మీదే ఉన్నాయి.

మా దుకాణంలో ఒక పద్ధతుంది. కట్టించుకుని తీసుకెళ్లనివాళ్ల పటాలు మూడేళ్లు ఉంచుతాం. ఆ తర్వాత విప్పేస్తాం. కర్ర, అద్దం ఇంకో పటానికి పనికొస్తాయి. బొమ్మ అంటించిన అట్ట కూడా పారేయం, ఇంకో పటానికి వెనక అట్టగా వేస్తాం. ఆ పద్ధతికి తలవంచని పటం ఒక్కటే ఉండేది, ఆయన బల్లకి ఎదురుగా గోడ మీద. ఏదో నీలం సరస్సు, దాని వెనక మూడు కొండలు. కట్టించినాయన మళ్లీ కనపడలేదు. పద్దెనిమిదేళ్లుగా అలాగే ఉంది. వారానికోసారి దుమ్ము తుడిచేదాన్ని, ఈయన బద్ధకం వల్లే దిగట్లేదనుకునేదాన్ని.

శుక్రవారం ఆయన అద్దాలు తేవడానికి వెళ్లాడు. చెల్లెలి పటానికి ఫ్రేమంతా సిద్ధం, వెనక అట్ట వెయ్యడమే మిగిలింది. కొత్త అట్ట చేతిలోకి తీసుకున్నాను గానీ మనసొప్పలేదు. దీని నవ్వుకి కొత్త అట్ట కూడానా? స్టూలెక్కి ఆ సరస్సుని దించాను. విప్పాను. అట్ట మందంగా, గట్టిగా ఉంది, జానెడు పొడవెక్కువ. ఇనప స్కేలు ఆనించి, కత్తితో ఆ జానెడూ కోసి చెత్తలో పడేశాను. సరస్సుని చెల్లెలి వీపుకి ఆనించి మేకులు కొట్టి, కాగితం అంటించేశాను. మధ్యాహ్నం అది వచ్చి మురిసిపోతూ పట్టుకెళ్లింది. దాని వెనక పాత సరుకు పెట్టానని లోపల్లోపల తెగ సంబరపడ్డాను.

మా ఆయన అద్దాలతో వచ్చాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు. గోడ మీద పటం ఉన్నంత మేర రంగు కొత్తగా మెరుస్తోంది.

"ఏదీ?" అన్నాడు.

"విప్పేశాను. చెల్లెలి పటానికి వెనక అట్ట కావాలిగా. మూడేళ్లు దాటితే విప్పడం మీ పద్ధతేగా?"

అద్దాలు మెల్లగా గోడకి ఆనించాడు. ఈసారి నవ్వలేదు. స్టూలు మీద కూర్చుని ఖాళీ గోడ వైపే చూస్తూ, "పనామాకే టికెట్లు తీసేయ్. నాకెక్కడైనా ఒకటే," అన్నాడు.

నా మాటే నెగ్గింది. అయినా ఉండబట్టలేక, "ఏముందండీ ఆ పటంలో?" అన్నాను.

"అది గ్వాటెమాలాలోదే. కట్టించినాయన చెప్పాడు. పని మధ్యలో తలెత్తితే అదే కనపడేది. ఎప్పటికైనా నిన్ను అక్కడికి తీసుకెళ్దామనుకునేవాణ్ణి. ముందే చెప్తే, తీరా కుదరకపోతే బాధపడతావని చెప్పలేదు."

నిజం చెప్తున్నాను, ముందు వచ్చింది పశ్చాత్తాపం కాదు, మళ్లీ కుళ్లే. ఈయన పక్కనే, బల్ల చివర, చేతులకి జిగురు పూసుకుని నేను కూర్చున్నాను. తలెత్తిన ప్రతిసారీ చూసింది మాత్రం ఆ నీళ్లనా? ఆ నీళ్ల మీద కూడా అసూయ పడ్డాక గానీ ఏడుపు రాలేదు.

మర్నాడు పొద్దున్నే చెల్లెలింటికి వెళ్లాం. తలుపు తియ్యగానే అదే కనపడింది, మూడడుగుల నవ్వు.

"నీ పటం ఒకసారి విప్పాలే," అన్నాను. ఇన్నేళ్లలో దాన్ని నేనేదైనా అడగడం అదే మొదలు.

"ఏం, ఏదైనా మర్చిపోయావా అక్కా?"

"నీకు కొత్త అట్ట వెయ్యడానికి నాకు చేతులు రాలేదు. మీ బావకి ఇష్టమైన పటం కోసి వేశాను."

అది నా ముఖం వైపు ఒక్క క్షణం చూసింది. తనే పటం దించి నేల మీద బోర్లా పెట్టింది. కాగితం చింపి, మేకులు పీకి, అట్ట పైకెత్తి తిప్పాను. గది మధ్యలో ఆ నీలం బయటపడింది.

"అబ్బ! ఎక్కడిదే ఇది?" మా చెల్లెలు నోరెళ్లబెట్టింది.

"గ్వాటెమాలా. మేం వెళ్లేది అక్కడికే. పన్నెండు రోజులు."

"అంత దగ్గరదాకా వెళ్లి కూడా మేం ఇది చూడలేదే!" అంది. ఆ కళ్లలోకి వచ్చినదాన్ని నేను ఇట్టే గుర్తుపట్టాను. చిన్నప్పట్నుంచీ నా అద్దంలో చూస్తున్నదే. దానికోసం ఎన్నేళ్లు ఎదురుచూశాను! తీరా వచ్చాక తనివితీరా చూసుకోలేకపోయాను. మా ఆయన వంగి, అట్ట అంచు వెంబడి వేలు పోనిస్తున్నాడు.

"ఇక్కడ ఇంకో కొండుండాలి," అన్నాడు.

నిజమే. రెండే ఉన్నాయి.

"నేనే కోసేశానండీ. చెత్తబండి కూడా వెళ్లిపోయింది."

ఆయన అలవాటుగా జేబులోంచి టేపు తీసి కోసిన మేర కొలవబోయి, మళ్లీ లోపల పెట్టేసుకున్నాడు. అప్పుడు నవ్వాడు.

"పోనీలే. మూడోది అక్కడికెళ్లి చూద్దాం," అని, చెల్లెలి పటానికి వెయ్యడానికి నేను సంచిలో తెచ్చిన కొత్త అట్ట కోసం చెయ్యి చాపాడు.