రోడ్డు చివర అడుగు స్థలం

తొంభైల చివర నర్సీపట్నం చుట్టూ పొలాలు ప్లాట్లవుతున్న రోజుల్లో నేను లేఅవుట్లు కొలిచేవాణ్ణి. ఈ పని నాకు ఎవరూ నేర్పలేదు. పదో తరగతి తప్పాక పాత రేఖాగణితం పుస్తకం ముందేసుకుని, వంకర పొలాన్ని త్రిభుజాలుగా విడగొట్టి సెంట్లు లెక్కగట్టడం నేర్చుకున్నాను. ఏ నేలనైనా రెండు వైపుల నుంచీ కొలుస్తాను. రెండూ కలవకపోతే మూడోసారి కొలుస్తాను. అందుకే నా కాగితాన్ని ఎవరూ అనుమానించేవారు కాదు.

కొయ్యూరు వెళ్లే దారి పక్కన ఎకరంన్నర పొలం. మధ్యలో ముప్పై అడుగుల రోడ్డు, అటు పద్నాలుగు ప్లాట్లు, ఇటు పద్నాలుగు. పొలం వెనకాల పదకొండు ఇళ్లుండేవి. కొయ్యూరు కొండల నుంచి దిగి వచ్చిన గిరిజనులవి. రైతు దగ్గర సెంట్ల లెక్కన కొని, రిజిస్టరు చేయించుకుని కట్టుకున్న ఇళ్లే. ఈ పొలం గట్టు మీదుగానే తారు రోడ్డెక్కేవారు.

నేను గీసిన ప్లాను చూసి లేఅవుట్ యజమాని రోడ్డు చివర, ఆ ఇళ్ల వైపు వేలు పెట్టాడు.

“ఇక్కడో అడుగు వదిలీయండి.”

“ఎందుకండీ?”

“రోడ్డు ఆళ్ల హద్దుకి తగిలిందంటే రోడ్డు ఆళ్లది కూడా అయిపోద్ది. మజ్జిలో మన అడుగుంటే గోడ కట్టుకోవచ్చు. లెక్కల మనిసి, మీకు సెప్పాలేటి?”

చెప్పక్కర్లేదు. అన్ని లేఅవుట్లలోనూ ఉన్న పద్ధతే. అడుగు వెడల్పు, ముప్పై అడుగుల పొడవు. మంచం వేసుకోవడానికి కూడా చాలదు. గీత గీసి, “యజమాని సొంత స్థలం” అని రాసి, కింద సంతకం పెట్టాను.

ఆ గోడ కావాలని పట్టుబట్టింది ప్లాట్లు కొన్నవాళ్లు. అందరికంటే ముందు అడిగినవాడు హైస్కూల్లో సోషల్ చెప్పే మాస్టారు. చదువుకున్న మనిషని నాకు ఆయనంటే గౌరవం. టీ కొట్టు దగ్గర కూర్చుంటే పుస్తకంలో లేని చరిత్ర చెప్పేవాడు. ఒక సాయంత్రం అమెరికా నగరాలు ఎలా పెరిగాయో చెప్పాడు. ఓడల్లో వచ్చినవాళ్లు ఒక్కో పేట కట్టుకోవడం, ముందొచ్చినవాడు వెనకొచ్చినవాణ్ణి ఈసడించడం, దక్షిణాది పత్తి చేల నుంచి నల్లవాళ్లు ఫ్యాక్టరీ పనులకి ఉత్తరాది ఊళ్లకి రైళ్లెక్కడం.

“ఇల్లు నల్లోడికి అమ్మకూడదని దస్తావేజులోనే రాసుకునీవోరండి. ఒకచోటయితే రెండు పేటల మజ్జిన గోడే కట్టీసేరు. మనుసులేనా ఆళ్లు?” అన్నాడు. నిజంగానే బాధపడ్డాడు, కళ్లు ఎర్రబడ్డాయి. గ్లాసు కింద పెట్టి, అదే గొంతుతో అడిగాడు.

“అన్నట్టు, మన గోడ పని ఎప్పుడు మొదలెడతారట?”

ఎగతాళేమో అని ముఖంలోకి చూశాను. కాదు.

“మాస్టారూ, మీరిప్పుడు చెప్పింది కూడా గోడేనండి.”

“అది రంగు గొడవండి బాబూ. ఇది శుభ్రత. ఆళ్ల కోళ్లూ, ఆళ్ల కల్లుకుండలూ... పిల్లలు తిరిగే చోటు. మీకు తెలీదేటి?”

నోట్లో ఉన్న టీ మింగలేక పక్కకి ఉమ్మేశాను. ఇంటికెళ్లి కొనుగోలుదార్ల జాబితా తీశాను. ఇరవై ఎనిమిది మందిలో ఇరవై ముగ్గురు గడిచిన పదేళ్లలో బయటి నుంచి ఈ ఊరొచ్చినవాళ్లే. మాస్టారు ఎస్. రాయవరం వైపు నుంచి వచ్చి ఆరేళ్లు. ఆ పదకొండు ఇళ్లకి పదిహేనేళ్లు.

వారం తిరక్కుండా ఆ ఇళ్లలోంచి ఒకావిడ నన్ను వెతుక్కుంటూ వచ్చింది. ఆస్పత్రిలో ఆయా. కూతురు ఇంటర్‌లో చేరింది.

“ఆ గీత నువ్వే గీసేవంట కదా బాబూ. సెరిపీ. నా పిల్లకి సాయంత్రం దాకా ల్యాబులంట. కాలవ గట్టు మీంచి సీకట్లో ఎలగొస్తాది? తాగుబోతులంతా ఆడే కూకుంటారు.”

రెండు దారులూ నడిచి చూశాను. లేఅవుట్ రోడ్డు మీదుగా రెండు వందల పది అంగలు. కాలువ గట్టు చుట్టూ పదమూడు వందల నలభై. ఆ అడుగు లేకుండా కొత్త ప్లాను గీసి పంచాయతీ ఆఫీసుకి పట్టుకెళ్లాను. గుమస్తా పాతది తీసి ముందు పెట్టాడు.

“మంజూరైపోయిందండి. సంతకం మీదేనా?”

“నాదే.”

“కొలత తప్పొచ్చిందా?”

“కొలత తప్పు లేదు.”

“మరింకేటి తప్పు?”

కొత్త ప్లాను చుట్టుకుని బయటికొచ్చాను. ఏడడుగుల గోడ లేచింది. మాస్టారు దగ్గరుండి నీళ్లు కొట్టించాడు.

ఆ పిల్ల ఏడాది నడిచింది. గట్టు మీద ఎవడో చెయ్యి పట్టుకుని లాగాక కాలేజీ మానేసి, తల్లితో పాటు ఆస్పత్రిలో గదులు తుడవడానికి వెళ్లింది. ఆ తర్వాత ఏళ్లలో ఇళ్లు ఒకటొకటే అమ్ముడయ్యాయి. దారి లేని నేల. కొనడానికి వచ్చింది లేఅవుట్ యజమాని ఒక్కడే.

చివరికి ఆ ఆయా కూడా అమ్ముకోడానికి సిద్ధపడి మళ్లీ నా దగ్గరకొచ్చింది.

“నా జాగా కొలిసి పెట్టు బాబూ. ఆళ్లు నాలుగుంపావే అంటన్నారు. నీ లెక్క తప్పదంట కదా.”

టేపు పట్టుకుని గట్టు చుట్టూ నడిచి వెళ్లాను. అటు నుంచి కొలిచాను, ఇటు నుంచి కొలిచాను. నాలుగు ముప్పావు సెంట్లు. ఉండబట్టలేక మూడోసారి కూడా కొలిచాను. కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చాను.

“అర సెంటు దక్కించేవు, నాయనా,” అని ఆవిడ రెండు చేతులూ ఎత్తి నాకు దణ్ణం పెట్టింది. పక్కన నిలబడ్డ కూతురు పెట్టలేదు. నా చేతిలోని టేపు వైపు ఒకసారి చూసి లోపలికి వెళ్లిపోయింది. మాస్టారి మీద ఎన్నేళ్లుగానో ఉన్న రోత అక్కడ, వాళ్ల వాకిట్లో, నా మీదికి తిరిగింది.