కోతకు పెట్టిన సీను

హాలీవుడ్‌లో ముప్పయ్యేళ్లుగా ప్రభుత్వాలనూ కోటీశ్వరులనూ ఎండగడుతూ సినిమాలు తీస్తున్న ఎజ్రా కాల్డర్‌కు ఒక అలవాటుంది. స్టూడియో వాళ్లు కోసేయడానికే ప్రతి సినిమాలోనూ ఒక ఘాటైన సీను తీసి పెడతాడు. వాళ్లు దాని మీద పడి అసలు సీన్ల జోలికి రారు. ఆ రోజు కొత్త సినిమాను స్టూడియో వాళ్లకు వేసి చూపిస్తున్నప్పుడు కూడా చివరి వరుసలో కూర్చుని, ఎర్ర పెన్సిల్‌ను వేళ్ల మధ్య తిప్పుతూ, తెరను వదిలేసి స్టూడియో అధిపతి హాస్కెల్ మెడనే చూశాడు. కోపమొస్తే ముందు ఎర్రబడేది అదే. సినిమా అయిపోయి దీపాలు వెలిగాయి.

"అదిరిపోయింది ఎజ్రా! ఒక్క ముక్క కూడా కోయక్కర్లేదు," అని భుజం తట్టి వెళ్లిపోయాడు హాస్కెల్.

ఎడిటర్ విల్మా సంతోషం పట్టలేకపోయింది. ఎజ్రా కుర్చీలోంచి లేవలేదు.

"ఏంటయ్యా ఆ మొహం? గెలిచాం కదా!"

"వాడి మెడ ఎర్రబడనే లేదు. ఎక్కడ చెడగొట్టాం విల్మా? మొదటి రీలు పెట్టు."