బొమ్మలు కోసే కత్తెరత్తయ్య

పుర్రెకో బుద్ధి అన్నారు. కత్తెరత్తయ్య బుద్ధి ఏమిటంటే, పుస్తకంలో అందమైన బొమ్మ కనబడితే చాలు, చటుక్కున కత్తిరించి తీసేయడం. ఇంట్లో ఏ మూలో కూర్చుని చేసుకుంటే ఎవరి పిచ్చి వారికానందం అని ఊరుకోవచ్చు. కానీ ఆవిడ నడిపేది పుస్తకాల కొట్టు. కుట్లూ అల్లికలూ నేర్పే పత్రికలు, కొత్తవీ పాతవీ, గోడల నిండా ఉంటాయి. అతుకుల బొంత కుట్టడం నేర్చుకుంటానని ఎవరైనా వస్తే, ఒక పత్రిక తీసి, చివరి పేజీలో పూర్తయిన బొంత బొమ్మను పరపరా కోసి, మిగతాది చేతిలో పెట్టేది. కత్తెర ఎప్పుడూ రిబ్బనుతో మెడలోనే వేలాడుతుండేది.

"నేను బొమ్మ చూసే కొంటున్నానండీ," అంది ఒకసారి ఒక టీచరు.

"అందుకే తీసేశానండీ."

"మరి ఆ బొమ్మ ఏంచేస్తారు?"

"దాచి ఉంచుతాను. కుట్టి తీసుకురండి, ఇస్తాను."

పుస్తకం ఎంచిపెట్టడంలోనూ ఆవిడ తీరే వేరు. లావుపాటి పుస్తకం అడిగితే, "ఇది చదవడం పూర్తయ్యేసరికి సూది తుప్పు పడుతుంది," అని పలచటిది ఇచ్చేది. ఫోన్లో పాఠాలున్నాయిగా అంటే, "చూస్తున్నంతసేపూ మనమే కుట్టేసినట్టుంటుంది. లేచి చూస్తే గుడ్డ ముక్కలు ముక్కల్లాగే ఉంటాయి," అనేది. ఆఖరికి మావయ్య గడ్డం సబ్బు డబ్బా మీద ఉన్న అందగాణ్ణి కూడా వదల్లేదు. అప్పటినుంచీ మావయ్య అద్దం ముందు నిట్టూర్చడం మానేసి హాయిగా గడ్డం గీసుకుంటున్నాడు. ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

ఆవిడకో మేనకోడలు ఉంది. ఆరంభశూరత్వానికి పెట్టింది పేరు. ఏ పనీ చివరికంటా చేసిన పాపాన పోలేదు. వాళ్ల అన్నయ్యకు అల్లిన స్వెట్టరుకు ఇప్పటికీ ఒకటే చెయ్యి. ఇంట్లో అందరూ "సగంకుట్టు" అని పిలిచేవారు. నవ్వుతూనే పలికేది గానీ, లోపల చురుక్కుమనేది. అందుకే వదినకు కొడుకు పుట్టగానే, వాడికి బొంత కుట్టి ఇస్తానని అందరి ముందూ మాటిచ్చేసింది.

"కుట్టు తల్లీ, కుట్టు," అంది వదిన. "నీ బొంత వచ్చేసరికి వీడికి మీసాలొస్తాయి."

ఈసారీ సగంలో ఆగితే ఆ పేరు జన్మంతా వదలదు. పిల్ల పంతం పట్టింది. అత్తయ్య ఇచ్చిన బొమ్మ లేని పత్రిక ముందు పెట్టుకుని, అందులో చెప్పింది తనకు అర్థమైనట్టు త్రికోణం ముక్కలు కోసింది, జోడించింది, విప్పింది, మళ్లీ జోడించింది. విచిత్రంగా పని సాగింది. చివరికి అంచు వేయడమే మిగిలింది.

అప్పుడే పన్ను సలిపింది. పంటి డాక్టరు దగ్గర కూర్చుని బల్ల మీది పత్రిక తిప్పితే, అదే సంచిక. పైగా బొమ్మతో సహా. నల్లటి గుడ్డ మీద తళతళలాడే నక్షత్రాలు. పిల్ల దగ్గరగా పెట్టుకుని చూసింది. ముక్కల కొసలు బయటికి తిరిగితే నక్షత్రం. తను ప్రతి ముక్కనూ లోపలికి తిప్పి కుట్టేసింది. వాచిన బుగ్గ పట్టుకుని తిన్నగా కొట్టుకు పరుగెత్తింది.

"అత్తయ్యా, నా కొంప ముంచావు."

"ఏమే, మంచి పన్ను పీకేశాడా?"

"పన్ను కాదు, బొంత. నక్షత్రాలు రావాలట. నాకు సీలింగు ఫ్యాన్లొచ్చాయి. బొమ్మ ఉంటే చూసుకుని కుట్టేదాన్నిగా."

"బొమ్మ ఉంటే అసలు కుట్టేదానివా?"

అత్తయ్య పాత పత్రికల కట్ట దించి పిల్ల ముందు పెట్టింది.

"ఇవన్నీ నేను కత్తెర పట్టకముందు అమ్మినవి. జనం మళ్లీ నాకే తెచ్చి ఇచ్చేశారు. తిప్పి చూడు."

తిప్పి చూసింది. పాఠాల పేజీలు మడత పడకుండా కొత్తగా ఉన్నాయి. చివరి బొమ్మ పేజీ మాత్రం ప్రతిదాంట్లోనూ వేలిముద్రలతో నలిగి మాసిపోయింది.

"ఆ బొమ్మ చూడటం, తమ చేతిలో వంకరముక్క చూసుకోవడం, ఇది మనవల్ల కాదులే అని మూసేయడం. నువ్వొక్కదానివే అనుకున్నావేమిటి? అయితే ఈ కట్టలో అడుగున ఉన్నవి మాత్రం నువ్వు తిరిగిచ్చినవే."

సగంకుట్టులు లోకం నిండా ఉన్నారని తెలిసేసరికి ఆ పిల్లకు ప్రాణం లేచివచ్చింది. ఇన్నేళ్లూ అదేదో తనకొక్కదానికే పుట్టిన జబ్బనుకుంది.

"మరి ఫ్యాన్లో?"

"అంచు వేసెయ్. బొంత తప్పుగా కుట్టారు, నాకు చలేస్తోందని ఇంతవరకూ ఏ పిల్లాడూ అనలేదు."

మర్నాడు వదిన బొంతను మంచం మీద పరిచింది. ఇటు తిరిగి చూసింది, అటు తిరిగి చూసింది.

"నిజంగా పూర్తి చేశావే," అంది వదిన నెమ్మదిగా. "ఇవేమిటి, ఫ్యాన్లా?"

"అవును వదినా."

పొద్దుట్నుంచీ రాగం తీస్తున్న పిల్లాడిని దాని మీద పడుకోబెట్టారు. వాడు పక్కకు తిరిగి, ఒక ఎర్ర ఫ్యానును కళ్లప్పగించి చూస్తూ ఏడుపు ఆపేశాడు. హమ్మయ్య అనుకున్నారు ఇంటిల్లిపాదీ. నవ్విన నాపచేనే పండుతుందని అన్నయ్య సామెత కూడా చెప్పాడు. ఒంటిచేతి స్వెట్టరు మాట మాత్రం ఎత్తలేదు, పాపం.

పిల్లాడు కాస్త పెద్దయ్యాక వదినకూ బొంత సరదా పుట్టింది. ఆడపడుచు ఆమెను వెంటబెట్టుకుని కొట్టుకు వచ్చింది. తనే వెతికి పలచటి పత్రిక ఒకటి తీసింది. చివరి పేజీ తెరిచి, అత్తయ్య మెడలోని కత్తెర వైపు చెయ్యి చాపింది.

"అదేమిటమ్మాయ్, అంత చక్కటి బొమ్మ కోసేస్తావా?" అంది వదిన.

"కుట్టి తీసుకురా వదినా, ఇస్తాను."

కత్తెరత్తయ్య రిబ్బను అందేలా తల కాస్త వంచింది.