మూత తెరిస్తే లేవని మిషన్

పద్నాలుగు నెలల్లో పదకొండు మెయిళ్లు రాశాను. అన్నీ ఇంగ్లీషులో, అన్నీ మర్యాదగా, పరీక్షల ఫలితాలు జతచేసి మరీ రాశాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. కనీసం అందిందని కూడా ఎవరూ అనలేదు. నేనది మర్చిపోలేదు, మర్చిపోయే ఉద్దేశం కూడా లేదు. ఈ సంగతి తేల్చవలసిన పెద్దమనిషి మా హైదరాబాద్ ఆఫీసులో ఉంటారు. ఆయన తెలుగు పుస్తకాలు కొని చదువుతారని విన్నాను. అందుకే ఈసారి తెలుగులో రాస్తున్నాను.

నేను హన్మకొండలో పనిచేస్తాను. మా కంపెనీ చేతిసంచిలో పట్టేంత ఈసీజీ మిషన్లు తయారుచేస్తుంది. ల్యాప్‌టాప్‌కు ఉన్నట్టు దానికో మూత ఉంటుంది. మూస్తే నిద్రపోతుంది, తెరిస్తే లేస్తుంది. ఆ లేవడాన్ని నడిపించే ప్రోగ్రాం మిషన్ చిప్పులోనే ఉంటుంది. ఫర్మ్‌వేర్ అంటారు. రాసేది హైదరాబాద్‌లో. ఇక్కడ మేము పరీక్షించి, తప్పులు పట్టి, దిద్ది పంపుతాం. దిద్దినదాన్ని ఒప్పుకొని డిజిటల్ సంతకం పెట్టవలసింది మళ్లీ వాళ్లే. ఆ సంతకం లేని ప్రోగ్రాంను బయటికి అమ్మిన ఏ మిషనూ తీసుకోదు.

ఏటూరునాగారం అవతలి ఒక ఆరోగ్య కేంద్రం నుంచి ఫిర్యాదు వచ్చింది. దగ్గర్లో ఉన్నది మీరే కదా అని నన్ను పంపారు. పాతది తీసుకొని కొత్తది ఇచ్చి రమ్మన్నారు. ఎందుకు చెడిందో కనుక్కోమని ఎవరూ అనలేదు. బస్సు దిగి, ఆటో ఎక్కి వెళ్లేసరికి పదకొండయింది. అక్కడి నర్సుకు యాభై దగ్గరుంటాయి. మిషన్ బల్ల మీద ఉంది. మూతకూ కీళ్లకూ మధ్య ఒక బ్యాండేజీ చుట్ట దూర్చి ఉంది.

"ఇదేందక్కా?"

"మూత పూర్తిగ పడకుంట పెట్టిన సారూ. పండుకుంటె మల్ల లేస్తదో లేవదో. దీన్ని లేపుడుకన్న మా ఇంటాయనను లేపుడు అల్కగ."

"లేవకపోతే ఏం చేస్తాండ్రు?"

"బటన్ ఒత్తిపట్టి బంద్ జేసి మల్ల చాలు జేస్త. అది లేసేదాంక పేషెంటు ఛాతి మీద వైర్లు వెట్టుకోని నా దిక్కే చూస్తాంటడు. నేను దాని దిక్కు చూస్తాంట."

చుట్ట పెడితే మిషన్ నిద్రపోదు. నిద్రపోకపోతే, ఆమె దాన్ని సంచిలో వేసుకొని గూడేలు తిరిగేటప్పుడు బ్యాటరీ రెండో గూడేనికి చేరేలోపే అయిపోతుంది. అంతకు ముందు వారం అలాగే అయిపోయిందట. ఛాతీ నొప్పి అన్న ఒక ముసలాయనను పరీక్ష చేయకుండానే ఆటోలో దవాఖానకు పంపింది.

"మంచిగనే ఉన్నడు, ఇంటికొచ్చిండు. గని నేను పంపేటప్పుడు నాకు తెల్వదు గద సారూ."

ఆమె ఆ మాట కోపంగా అనలేదు. అరిచి ఉంటే నాకు కొంచెం సులువుగా ఉండేది. ఎందుకంటే ఆ మోడల్ బయటికి వెళ్లే ముందు నిద్ర, మెలకువ పరీక్షించి సరే అని రాసింది నేనే. ఇది ఎవరూ అడగలేదు, నేనే చెబుతున్నాను.

పాత మిషన్ తెచ్చి నా బల్ల మీద పెట్టుకున్నాను. డీబగ్ కేబుల్ తగిలించాను. మిషన్ లోపల ఏం జరుగుతోందో ఆ కేబుల్ గుండానే మాకు కనిపిస్తుంది. అది లేకుండా మా ఆఫీసులో గానీ హైదరాబాద్‌లో గానీ ఎవరూ పరీక్ష మొదలుపెట్టరు. మూడు రోజులు మూత మూశాను, తెరిచాను. ప్రతిసారీ లేచింది. నా పక్క సీట్లో పనిచేసే అమ్మాయి అదంతా చూస్తూనే ఉంది.

"డాక్టర్ ముంగట దగ్గు రాదన్నా," అంది. "ఇంటికి పోంగనే వస్తది. ఆ కేబుల్ పీకి చూడరాదు?"

"పీకితే లోపల ఏమైతాందో ఎట్ల తెలుస్తది?"

"ఇప్పుడేమన్న తెలుస్తాందా?"

పీకాను. ఇరవై మూడోసారి మూత తెరిచినప్పుడు మిషన్ లేవలేదు. నాకు జరిగిన అవమానాలు గుర్తుంచుకున్నట్టే ఇదీ గుర్తుంచుకున్నాను: ఆ మాట అన్నది ఆమె, నేను కాదు.

కేబుల్ ఉంటే ఎందుకు ఆగదో ఆ సాయంత్రమే చిప్పుతో వచ్చిన పుస్తకంలో దొరికింది. కేబుల్ తగిలి ఉన్నంతసేపూ చిప్పు తన కోర్లకు, అంటే లోపల లెక్కలు చేసే భాగాలకు, కరెంటు ఆపదు. నిద్రపోయినట్టు చెబుతుంది గానీ నిజానికి పోదు. అంటే ఇన్నాళ్లూ మేమందరం మేలుకొని ఉన్న మిషన్‌ను లేపి, లేచిందని రాసుకుంటున్నాం.

ఆ చిప్పులో నాలుగు కోర్లు ఉంటాయి, ఒకే పనిని పంచుకునే నలుగురు మనుషుల్లా. మూత తెరవగానే మొదటిది లేచి మిగతా మూడింటినీ లేపుతుంది. అవి లేచి మెమరీలో 'వచ్చాను' అని గుర్తు పెట్టాలి. మూడు గుర్తులూ కనిపించేదాకా మొదటిది ముందుకు కదలదు. కేబుల్ లేకుండా ఇదంతా చూడడం ఎలా అని ఆలోచించి, సంతకం అడగని పరీక్ష బోర్డు ఒకటి తీసుకొని దాని మీద నాలుగు చిన్న ఎల్‌ఈడీలు అతికించాను. ఏ కోరు గుర్తు పెడితే దాని దీపం వెలిగేలా రాశాను. మిషన్ ఆగిపోయినప్పుడు ఒకటో రెండో వెలగకుండా ఉంటాయని నా లెక్క. కానీ నాలుగూ వెలిగే ఉన్నాయి. అందరూ వచ్చేశారు. మొదటిదానికి మాత్రం ఆ సంగతి తెలియదు.

ఆ తర్వాత వారం పట్టింది. ప్రతి కోరుకూ క్యాష్ అని సొంతంగా కొంచెం మెమరీ ఉంటుంది. అసలు మెమరీలోని వరుసలకు నకలు తీసుకొని అందులో పెట్టుకుంటుంది. అప్పుడే లేచిన కోరుకు ఆ క్యాష్ ఇంకా పనిచేయదు. తన గుర్తును నేరుగా అసలు మెమరీలో రాస్తుంది. మొదటి కోరు తన గుర్తును తన నకలులో రాసి ఉంచుకుంటుంది. నాలుగు గుర్తులూ ఒకే వరుసలో పక్కపక్కన పెట్టారు. మొదటిది ఆ వరుసను తిరిగి అసలు మెమరీలోకి పంపినప్పుడు పాత ఖాళీలు కూడా దానితో పాటే వెళ్తాయి. కొత్తగా వచ్చినవాడి గుర్తు చెరిగిపోతుంది. వాడు మళ్లీ రాయడు, ఒకసారి రాశాడు కదా. మొదటిది కాచుకొనే ఉంటుంది.

దిద్దుబాటు చిన్నదే. ఒక్కో గుర్తుకు ఒక్కో వరుస ఇవ్వాలి. చూసిన ప్రతిసారీ మొదటి కోరు తన నకలు పారేసి అసలుది చదవాలి. అంతా కలిపి ముప్పై లైన్లు. అదే పరీక్ష బోర్డులో వేసి, కేబుల్ లేకుండా ఆరు రోజులు ఆపకుండా నిద్రపుచ్చి లేపాను. ఒక్కసారీ ఆగలేదు.

హైదరాబాద్ వాళ్లకు వీడియో కాల్‌లో ఇదంతా చెప్పాను. ఇందాక చెప్పిన పెద్దమనిషి మధ్యలోనే అన్నారు, "మేము వెయ్యిసార్లు నడిపాం. ఒక్కసారి కూడా రాలేదు."

"కేబుల్ తీసి నడిపారా సార్?"

"కేబుల్ తీస్తే లాగ్ ఎట్లా వస్తుంది? మీ దగ్గర కరెంట్ ప్రాబ్లమ్ ఉంటుంది కదా, అది చూసుకోండి ముందు."

మిషన్ నడిచేది బ్యాటరీ మీద. ఆ సంగతి చెప్పేలోపు ఎవరో నవ్వారు. ఆ నవ్వు ఎవరిదో నాకు తెలుసు. అప్పటికే నా మైకు మ్యూట్ చేశారు.

తర్వాతి విడుదలలో ఒక మార్పు వచ్చింది. మొదటి కోరు పది మిల్లీసెకన్లు ఆగి అప్పుడు చూడాలి. అంతే. ఆగితే చాలాసార్లు గండం గడుస్తుంది, ప్రతిసారీ గడవదు. నా బల్ల మీద అది రెండు రోజులకొకసారి ఆగింది. ఫిర్యాదు పరిష్కారమైందని రాసి మూసేశారు. నా ముప్పై లైన్లు 'పరిశీలనలో' అన్న మాట కింద అలాగే ఉండిపోయాయి.

ఆ విడుదలను మిషన్‌లో వేయడానికి నేనే మళ్లీ ఆ ఆరోగ్య కేంద్రానికి వెళ్లాను. మొదటిసారి నేను ఇచ్చి వచ్చిన కొత్త మిషన్ అది. దాని మూతలోనూ చుట్ట ఉంది. ప్రోగ్రాం వేసి, ఇప్పుడు చాలావరకు తగ్గుతుందని చెప్పాను. అబద్ధం చెప్పలేకపోయాను.

"తగ్గుతదా, పోతదా?"

"తగ్గుతదక్కా. ఎప్పుడన్న ఒక్కసారి ఆగుతది."

ఆమె చుట్టను బయటికి లాగి చేతిలో పట్టుకుంది. "ఆ ఒక్కసారి ఎవ్వలకొస్తదో చెప్పిపో సారూ. వాళ్ల ఇంటికి పోయినప్పుడే చుట్ట పెడ్త, మిగతోళ్లకు తీసేస్త."

పూర్తిగా పోయేది ఎప్పుడు వేస్తారని అడిగింది. హైదరాబాద్ వాళ్లు చెప్పాలన్నాను. "అడిగినవా మరి?" అంది. అడిగాననే చెప్పాను. ఆమె నమ్మినట్టు లేదు. ఆమె స్థానంలో ఉంటే నేనూ నమ్మేవాణ్ణి కాదు.

కాబట్టి మీరే చెప్పండి సార్. నా ముప్పై లైన్లలో తప్పుంటే ఏ లైనులో ఉందో చెప్పండి, అక్కడికక్కడే ఒప్పుకుంటాను. తప్పు కనిపించలేదంటే సంతకం ఎందుకు పెట్టలేదో చెప్పండి. అసలు చదవనే లేదంటే అదీ రాయండి, ఒక్క మాటలో రాసినా చాలు. ఆ నర్సు తేదీ అడిగింది. నేను కాదు, మీరు చెప్పవలసిన తేదీ అది. ఎప్పుడు?