ఎనభై ఆరు

నా చేతిరాతకు, అక్షర దోషాలకు ముందే క్షమించండి. నేను ఆరో తరగతి వరకు చదివింది మరాఠీ బడిలో. ఈ తెలుగు అక్షరాలు పెళ్లయ్యాక మామయ్య దిద్దించినవే. పోయిన సోమవారం పొద్దున మామయ్య ఊపిరితిత్తుల జబ్బుతో చనిపోయారు.

బొగ్గు గనిలో నీళ్లు తోడే పంపుల దగ్గర ముప్పై ఏళ్లు పనిచేశారు. తుకుం బస్తీలోని మా ఇంట్లో కుళాయి తిప్పినా, ధార కింద అరచెయ్యి పెట్టి ఇవాళ జోరు తక్కువని చెప్పేవారు.

నాలుగేళ్ల కింద ఆయనకు ఛాతీ నొప్పి వచ్చింది. గుండె రక్తనాళం ఒకటి సగం సన్నబడినట్టు ఫొటోలో కనబడింది. స్టెంట్ వెయ్యాలో వద్దో ఫొటో చూసి తేల్చలేనని, సన్నని తీగ లోపలికి పంపి ఇరుకుకు ముందూ తర్వాతా రక్తం ఒత్తిడి కొలుస్తానని డాక్టర్ చెప్పారు. నాకు భయం వేసింది. మామయ్య మాత్రం భయపడలేదు.

"పైపు సన్నగ గనవడ్డదని మారుస్తమా బిడ్డా? అటిటు గేజీ పెట్టి సూడాలె. నీళ్లు అందుతున్నయంటే దాన్ని ముట్టొద్దు."

ఆ పరీక్ష రోజు మా ఆయన డ్యూటీలో ఉన్నారు. బయట నేనొక్కదాన్నే కూర్చున్నాను. నర్సు వచ్చి పాయింట్ ఎయిట్ సిక్స్ అని వెళ్లిపోయింది. మంచిదా చెడ్డదా అని అడగడానికి నోరు రాలేదు. ఎనభై ఆరు శాతం మూసుకుపోయిందని ఇంటికి ఫోన్ చేశాను. తిరిగొచ్చే ఆటోలో మామయ్య హాయిగా ఉన్నారు. నేను కొంగుతో కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాను.

సాయంత్రం ఇల్లు చేరేసరికి విరూర్ నుంచి చుట్టాలు వచ్చేశారు. అత్తమ్మ ఏడుస్తోంది. సంగతి తెలిసి మామయ్య నవ్వారు.

"మూసుకపోయింది కాదే, అందుతున్నది ఎనభై ఆరు. ఎనభై దాటితే స్టెంటు అక్కర్లేదన్నడు డాక్టరు."

మరి ఫోన్లో అట్లా ఎందుకు చెప్పారని అత్తమ్మ అడిగింది. అందరూ నావైపు చూశారు.

"ముందుగాల నేనే తప్పు ఇని ఈమెతోని చెప్పిచ్చిన. పంపుల మోతకు నా చెవులు పోయినయి," అన్నారు మామయ్య.

అప్పటినుంచి ఇంట్లో ఆయన చెవిటివారయ్యారు. పండక్కి వచ్చిన ప్రతి చుట్టమూ ఆటపట్టించేవారు. ఆయన చెవికి చెయ్యి అడ్డం పెట్టి, "ఏందీ?" అనేవారు.

చదివి ఈ కాగితం కాల్చేయండని రాయబోయి ఆగాను. తప్పు విన్నది నేను. నా గొంతు పక్క గదికి కూడా వినబడదని అందరూ అంటారు. అయినా నేను వంటింట్లోంచి మెల్లగా "మామా, చాయ్" అంటే, వరండాలో నవ్వుతున్న వాళ్లెవరికీ వినబడని ఆ పిలుపుకు ఆయన లేచి వచ్చేవారు.