చచ్చినవాడి చేతి కల్లు

కల్లు మీద నిషేధం మా పక్కకు ఇంకా రాని రోజులవి. కోయిలకుంట్ల దగ్గర ఒక కల్లు అంగడిలో నాది రుచి చూసే పని. నవ్వకండి, అదీ ఉద్యోగమే. కుందూ ఏటి గట్టు ఈతవనాల నుంచి గీతగాళ్లు పొద్దు పొడిచే వేళకు కుండలు తెచ్చేవాళ్లు. నేను ముందురోజు కారం ముట్టకుండా, వక్కాకు వేసుకోకుండా వచ్చి, కొబ్బరిచిప్పతో ఒక్కో గుక్క తాగి తీర్పు చెప్పేవాణ్ణి. "ఇది వగరు, గాటు లోతుగా పడింది." "దీన్లో నీళ్లుండాయి." నేను బాగుండాదన్న కుండ మధ్యాహ్నానికి ఖాళీ. కాదన్నది ఈగలపాలు. ఒక్కొక్కరి కత్తి గాటు ఒక్కో తీరు కాబట్టి, కళ్లు మూసుకుని తాగినా ఏది ఎవరి చేతిదో చెప్పేవాణ్ణి. ఆ గర్వం నాకు తలకెక్కిందని ఒప్పుకుంటాను.

అందరిలోకీ మేలైన కల్లు ఒక పెద్దాయనది. ఆయన భార్యే కుండ నెత్తిన పెట్టుకుని తెచ్చేది. ఒక చలికాలం ఆయన జ్వరంతో పోయాడు. గుంతలో పిడికెడు మట్టి వేసినవాళ్లలో నేనూ ఉన్నాను.

దినాలైన మర్నాడే ఆమె కుండ తెచ్చింది.

"ఆలూరు నుంచి మా తమ్ముడొచ్చినాడన్నా. వాడే గీస్తాండాడు" అంది.

చిప్ప నోట పెట్టుకోగానే గుర్తుపట్టాను. అది పోయినాయన చెయ్యి. అదే తీపి, చివర్న అదే పిసరంత పులుపు. నోరు పుక్కిలించి మళ్లీ తాగాను. మళ్లీ అదే. వరసగా ఎనిమిది రోజులూ అంతే. నాకు అన్నం సహించలేదు. నేను మట్టి వేసిన మనిషి రోజూ పొద్దున్నే నా నాలుక మీదికి వస్తున్నాడు.

ఉండబట్టలేక తొమ్మిదోనాడు మసకలోనే వనానికి పోయాను. ఏటి మీద మంచు. పిట్ట కూడా అరవడం లేదు. పైనెక్కడో టక్కు టక్కుమని కత్తి చప్పుడు. తలెత్తితే మట్టల సందున ఆయన ఎర్ర తలపాగా, ఆయన పాత కంబళి. ఆ ఆకారం నడుముకు చుట్టిన మోకు సడలించుకుంటూ దిగి, నా ఎదుట నిలబడి తలపాగా విప్పింది. ఆయన భార్య.

"తమ్ముడూ లేడు, యెవరూ లేరన్నా. నీవు ఈ అంగడికి రాకముందు నుంచే, నాలుగేండ్లుగా ఆయప్పకు నడుము పనికిరాలే. ఆయప్ప కింద నిలబడేటోడు, ఎక్కేది నేను. నీవు మెచ్చుకునింది నా చెయ్యినే. ఆడది ఎక్కితే వనం ఎండుతాదంటారు గదా. తెలిస్తే గుత్తదారు చెట్లు లాక్కుంటాడు. ఇద్దరు పిల్లోళ్లుండారు. చెప్పొద్దన్నా."

చెప్పనన్నాను.

ఆ పొద్దే గుత్తదారు అంగడికి వచ్చాడు. వనాలన్నీ వేలంలో పాడుకున్నది అతనే.

"ఏమప్పా, ఆలూరు నుంచి యెవరూ రాలేదంట గదా. ఆ చెట్లు యెవడు గీస్తాండాడు? నీ నాలుకకు తెలీకుండా ఉంటాదా?"

తాగేవాళ్లంతా నా నోటివైపే చూస్తున్నారు. నాకు తోచిందల్లా ఒక్కటే.

"పోయినాయన చెయ్యేనయ్యా ఇది. ఆయప్పే గీస్తాండాడు" అన్నాను.

గుత్తదారు ముఖం పాలిపోయింది. ఆ చెట్ల మాట మళ్లీ ఎత్తలేదు. వేరే గీతగాడెవడూ ఆ చెట్ల దగ్గరికి పోనన్నాడు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

వారం తిరక్కముందే ఆ మురిపెం తీరింది. ఆమె కుండ దించితే జనం లేచి దూరం జరిగేవాళ్లు. చచ్చినోడి కల్లు ఎవడు తాగుతాడు? శానా బాగుండాదని నేను గొంతు చించుకుంటే, నా నాలుకకూ దయ్యం పట్టిందన్నారు. ఆమె పిల్లలతో తమ పిల్లల్ని ఆడనివ్వలేదు.

ఒకనాడు ఆమె నిండుకుండ నా ముందు పెట్టింది. ముఖంలో కోపం లేదు. అదే నన్ను భయపెట్టింది.

"చెట్లు పోయింటే యాడన్నా కూలికి పోతాంటి అన్నా. ఇప్పుడు నన్ను కూలికీ పిల్చరు. తాగి చెప్పు, ఎట్లుండాది?"

తాగాను. అంతకంటే మంచి కల్లు జన్మలో తాగలేదు. ఆ మాట ఆమె ముఖం చూసి అనలేకపోయాను.