పూజ రోజు ఆగిన ఫ్రిజ్

శామీర్‌పేట దగ్గరి మా ల్యాబులో రెండేళ్లు నేను ఒకే ఒక్క ప్రొటీన్ వెంట పడ్డాను. కణం లోపల దారాల మీద నడుస్తూ సరుకులు మోసే హమాలీ అది. మోటార్ ప్రొటీన్ అంటాం. కణాలను పెంచి, పగలగొట్టి, ఆ రసాన్ని సన్నపూసలు నింపిన గాజు గొట్టంలో పోసి, దాన్ని చుక్కచుక్కగా పట్టుకోవాలి. అంతా మంచు చల్లదనంలోనే జరగాలి. వెచ్చబడితే దాని పని అయిపోయినట్టే. మూడుసార్లు అలాగే పోయింది. నాలుగోసారి చక్కగా వచ్చింది, చిన్న గొట్టాల్లో నింపి ఫ్రిజ్‌లో దాచాను. నా ఫెలోషిప్ ఆ నెలతో సరి.

ల్యాబులో గాజుసామాను కడిగే అక్కది చెరువులో చేపలు పట్టే ఇల్లు. నన్ను "బిడ్డా" అనే పిలిచేది, అన్నం డబ్బా ఖాళీ చేసేదాకా పక్కనే నిలబడేది. దసరా పొద్దున మిషన్లకు పూజ చేస్తానంటే తాళాలు ఇచ్చాను. మధ్యాహ్నం వచ్చి చూస్తే ప్రతి మిషనుకూ పసుపు, కుంకుమ, ఒక బంతిపువ్వు. ముచ్చటేసింది. ఫ్రిజ్‌కీ బొట్టు ఉంది, చప్పుడు మాత్రం లేదు. ప్లగ్గు తీసేసి ఉంది. ఐసు మిషన్‌దీ అంతే.

"ఇయ్యాల మేం వలను గూడ నీళ్లల్ల ఎయ్యం బిడ్డా. వీటికి గూడ జెర ఇస్రాంతి ఉండాలె గద అని తీసిన," అంది.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "నీకు బుద్ధున్నదా? రెండేండ్ల కష్టం బూడిదల పోసినవ్" అన్నాను. ఇంకా ఏమేమో అన్నాను. ఆమె వెళ్లిపోయింది. ప్లగ్గు పెట్టాను గానీ ఫ్రిజ్ చల్లబడాలంటే గంటలు పడుతుంది.

గంట దాటాక మొగుడి మోపెడ్ మీద తిరిగొచ్చింది, ఒళ్లో చేపలమ్మే థర్మకోల్ పెట్టె. నిండా ఐసు, నీచు వాసన. "మేడ్చల్ ఐసు ఫ్యాక్టరీల కొట్టించుకొచ్చినం. పెట్టుండ్రి మేడం," అంది. ఆ 'మేడం' వినగానే ఏడుపొచ్చింది. గొట్టాలన్నీ ఐసులో గుచ్చి, తప్పయింది అక్కా అన్నాను. "నాదే గద మేడం తప్పు," అంది.

మర్నాడు గాజుపలక మీద ప్రొటీన్ చుక్క వేసి, పైన మెరిసే దారాలు వదిలి మైక్రోస్కోపు కింద పెట్టాను. పలకకు అతుక్కున్న ప్రొటీన్ బతికుంటే ఆ దారాలను లాక్కుపోవాలి. చూసే ధైర్యం చాలక ఆమెనే ముందు చూడమన్నాను. కొంగుతో చేతులు తుడుచుకుని వంగి, చాలాసేపు చూసింది.

"కొన్ని కదుల్త లేవు," అంది. కన్ను తీయకుండానే తడుముకుని నా చెయ్యి పట్టుకుంది.

"కొన్నైతే పోతున్నయి బిడ్డా. చేపపిల్లల లెక్క పోతున్నయి."

రెండేళ్లు ఎదురుచూసిన కబురు అది. నాకు ముందు వినపడింది మాత్రం ఆ 'బిడ్డా'నే.